ఎనిమిది సెకన్ల గంట

కారు సీటు పక్కన బెల్టు బిగించే బకిల్ లోపల వేలి గోరంత స్విచ్ ఒకటి ఉంటుంది. బెల్టు చివరనున్న లోహపు నాలుక లోపలికి దిగి టిక్కుమన్నప్పుడు దాని స్థితి మారుతుంది. డాష్‌బోర్డు మీద ఎర్రబొమ్మ ఆరిపోతుంది, బీప్ ఆగుతుంది. దానికి తెలిసిన విద్య ఇంతే. అయినా దీని మీద కోపంతో అమెరికా కాంగ్రెస్ 1974లో ఏకంగా చట్టమే చేసింది. దీన్ని మోసం చేసే క్లిప్పుల అమ్మకాలు ఆపడానికి 2023లో మన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉత్తర్వులు ఇవ్వాల్సి వచ్చింది. బోలెడన్ని భాగాలున్న కారులో బ్రేకు మీద గానీ స్టీరింగు మీద గానీ జనానికి రాని ఆగ్రహం ఈ స్విచ్ మీదే ఎందుకొచ్చింది? మిగతా భాగాలన్నీ మనం చెప్పిన మాట వింటాయి. ఇదొక్కటే మనకు మాట చెబుతుంది.

ఈ సెన్సార్ చరిత్రను ఇంజనీర్లు చెబితే మొరటు స్విచ్ నుంచి సూక్ష్మమైన అయస్కాంత సెన్సార్ దాకా సాగిన ప్రగతి కథలా ఉంటుంది. అది అబద్ధం కాదు గానీ, అసలు సంగతి అందులో చిక్కదు. ఈ యాభై ఏళ్ళలో సెన్సార్ గెలిచిన చోటూ ఓడిన చోటూ పక్కపక్కన పెట్టి చూస్తే, గెలుపోటములను తేల్చింది దాని తెలివి కాదనీ, మనం దాని చేతికిచ్చిన అధికారమనీ తెలుస్తుంది. యంత్రం మనిషికి గుర్తు చేయగలదు, ఒప్పించలేదు. ఒప్పించే పని చట్టానిదీ, సమాజానిదీ. ఆ పనిని కూడా స్విచ్ నెత్తిన పెట్టిన ప్రతిసారీ జనం తిరగబడ్డారు, లేదా తప్పించుకునే దారి కనిపెట్టారు. ఒప్పుదల ముందే కుదిరిన చోట మాత్రం ఇదే స్విచ్ చేసిన మేలు ఆశ్చర్యం కలిగిస్తుంది.

కథ బెల్టుతోనే మొదలవుతుంది. ఇవాళ మనం వాడుతున్న, మూడు చోట్ల బిగిసే బెల్టును 1959లో వోల్వో కంపెనీ ఇంజనీరు నీల్స్ బోలిన్ రూపొందించాడు. అంతకు ముందు ఆయన సాబ్ కంపెనీలో, ప్రమాద సమయంలో పైలట్‌ను విమానం నుంచి బయటికి విసిరే సీట్ల మీద పనిచేశాడు. వోల్వో ఆ పేటెంటును మిగతా కంపెనీలు కూడా వాడుకునేలా వదిలేసింది. 1967లో బోలిన్ స్వీడన్‌లో జరిగిన 28,000 ప్రమాదాల వివరాలను పరిశీలించి, బెల్టు ప్రాణాలు కాపాడుతున్నదని లెక్కలతో సహా చూపించాడు. అమెరికాలో 1966 నాటి వాహన భద్రతా చట్టం కింద 1968 జనవరి 1 నుంచి కొత్త కార్లకు బెల్టులు తప్పనిసరి అయ్యాయి. కానీ విమానానికీ కారుకూ ఉన్న తేడా అక్కడే బయటపడింది. పట్టీలు బిగించుకోమని పైలట్‌కు ఎవరూ గంట కొట్టనక్కర్లేదు. అది అతని ఉద్యోగ క్రమశిక్షణలో భాగం. కారెక్కేవాడు అలాంటి క్రమశిక్షణ ఏదీ ఒప్పుకుని ఎక్కడు. చట్టం బెల్టును కారులోకి తేగలిగింది గానీ ఒంటి మీదికి తేలేకపోయింది. కారుకు బెల్టు ఉండాలన్న నిబంధన కంపెనీ మీద; దాన్ని పెట్టుకోవడం మాత్రం మనిషి ఇష్టం. ఈ రెంటి మధ్య ఖాళీని పూడ్చడానికే స్విచ్ పుట్టింది.

తొలి స్విచ్ బకిల్‌లో కాకుండా, చాలా కార్లలో బెల్టు చుట్టుకునే రీలు దగ్గర ఉండేది. 1972 నుంచి అమెరికాలో తయారైన కార్లలో ముందు సీట్లో మనిషి కూర్చుని, బెల్టు రీలు నుంచి కొన్ని అంగుళాలైనా బయటికి రాకుండా, గేరు పడితే దీపం వెలిగి బజర్ మోగేది. అంటే ఆ యంత్రం అడిగిన ప్రశ్న "బెల్టు బయటికొచ్చిందా?" అన్నది మాత్రమే. జవాబు చెప్పడం జనానికి పెద్ద కష్టం కాలేదు. బెల్టును ఒకసారి బయటికి లాగి ముడేసి వదిలేశారు. లాగి దాని మీదే కూర్చున్నారు. ఓపిక ఉన్నవాళ్ళు సీటు కింది వైరు పీకేశారు. బజర్ ఉన్న కార్లనూ లేని కార్లనూ రోడ్డు పక్కన నిలబడి గమనించిన పరిశోధకులకు బెల్టు వాడకంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయిందని అందామంటే అదీ కుదరదు. వినపడటం వల్లే కదా ముడులు పడ్డాయి!

దీని నుంచి అధికారులు తీసుకున్న పాఠం, గంట చాలదు కాబట్టి తాళం వెయ్యాలని. ఆ నిర్ణయం వెనక భద్రత ఒక్కటే లేదు, రాజకీయం కూడా ఉంది. ఆ రోజుల్లో ప్రభుత్వం అసలు కోరుకున్నది ఎయిర్‌బ్యాగ్‌ను, అంటే మనిషి ఏమీ చేయనక్కర్లేకుండా కాపాడే సాధనాన్ని. కార్ల కంపెనీలకు అది ఖరీదైన తలనొప్పి. 1971 ఏప్రిల్ 27న ఫోర్డు కంపెనీ అధినేతలు రెండో హెన్రీ ఫోర్డు, లీ ఐయకోకా శ్వేతసౌధంలో అధ్యక్షుడు నిక్సన్‌ను కలిసి భద్రతా నిబంధనల భారం గురించి మొరపెట్టుకున్నారు. ఆ సంభాషణ నిక్సన్ రహస్య టేపుల్లో రికార్డయింది కాబట్టి ఇవాళ అది అందరికీ తెలిసిన విషయం. తర్వాత ఎయిర్‌బ్యాగ్ గడువు వెనక్కి జరిగింది. దాని బదులుగా ఇగ్నిషన్ ఇంటర్‌లాక్ ముందుకొచ్చింది. 1973 ఆగస్టు మధ్య నుంచి తయారైన కార్లలో, అంటే 1974 మోడళ్ళలో, ముందు సీట్లో కూర్చున్నవాళ్ళు బెల్టు పెట్టుకుంటే తప్ప ఇంజను స్టార్టు కాకూడదు. ముడుల అనుభవం మరవని ఇంజనీర్లు ఈసారి వరస కూడా లెక్కలోకి తీసుకున్నారు: ముందు కూర్చోవాలి, తర్వాత బెల్టు బిగించాలి, ఆ తర్వాతే తాళం తిప్పాలి. ముందే బిగించి పెట్టిన బెల్టు మీద కూర్చుంటే కారు కదలదు. తెలివిలో ఇది మొదటి బజర్ కన్నా చాలా మెట్లు పైనుంది.

అయితే ఆ తెలివికి సీటు మీద ఉన్నది మనిషో మూటో తెలియదు. పక్క సీట్లో కూరగాయల సంచి పెడితే సంచికి బెల్టు కట్టమంది. కుక్క కూర్చుంటే కుక్కకు కట్టమంది. షెడ్డులో బండిని నాలుగడుగులు జరపాల్సిన మెకానిక్‌కూ అదే ఆజ్ఞ. సెన్సార్ చెడిపోతే బానెట్ ఎత్తి లోపలున్న మీట నొక్కాలి, అప్పుడు ఒక్కసారికి స్టార్టవుతుంది. కాంగ్రెస్ సభ్యులకు ఉత్తరాలు వెల్లువెత్తాయి. న్యూ హాంప్‌షైర్ ప్రతినిధి లూయిస్ వైమన్ తెచ్చిన సవరణ 1974 ఆగస్టులో ప్రతినిధుల సభలో 339-49 తేడాతో నెగ్గింది. వాటర్‌గేట్ దెబ్బకు నిక్సన్ రాజీనామా చేసిన రోజులవి. రెండు పార్టీలుగా చీలిపోయిన సభ ఏకమైన కొద్ది విషయాల్లో బెల్టు తాళం ఒకటి. అక్టోబరు 27న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డు సంతకంతో అది చట్టమైంది. పేరు ఫోర్డే గానీ కార్ల ఫోర్డులతో ఆయనకు చుట్టరికం లేదు. ఆ చట్టం ఇంటర్‌లాక్‌ను తప్పనిసరి చేసే అధికారాన్ని ప్రభుత్వం చేతుల్లోంచి తీసేసింది. అక్కడితో ఆగకుండా, తాళం తిప్పాక ఎనిమిది సెకన్లకు మించి మోగే బజర్‌ను కూడా కంపెనీల చేత పెట్టించకూడదంది. తాళం మీద కోపం గంట మీద కూడా తీరింది. ఆ తర్వాతి అమెరికా కార్లన్నింటిలోనూ నాలుగు నుంచి ఎనిమిది సెకన్లు మోగి ఊరుకునే గంటే చట్టబద్ధమైన గంట అయి కూర్చుంది. బెల్టు పెట్టుకోనివాడు చేయాల్సిందల్లా ఎనిమిది సెకన్లు ఓర్చుకోవడమే.

ఇక్కడొక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఇంటర్‌లాక్ నిజానికి పనిచేసింది కదా? ఆ మోడల్ కార్లు కొత్తగా రోడ్డెక్కిన నెలల్లో చేసిన పరిశీలనల్లో బెల్టు వాడకం అంతకు ముందు ఏడాది కార్ల కన్నా బాగా ఎక్కువగా కనిపించింది. ప్రాణాలు నిలబెట్టిన యంత్రాన్ని నాలుగు కూరగాయల సంచుల కోసం చంపేశారని భద్రతా నిపుణులు వాపోవడంలో న్యాయముంది. కానీ ప్రజల ఒప్పుదల లేకుండా సాధించిన ఫలితానికి ఆయుష్షు ఎంతన్నది కూడా లెక్కలోకి రావాలి. ఇంటర్‌లాక్ బతికింది సుమారు ఏడాది. అది మిగిల్చిన ఎనిమిది సెకన్ల నిషేధం 38 ఏళ్ళు బతికింది. 2012లో గానీ కాంగ్రెస్ దాన్ని తొలగించలేదు. ఏడాది పాటు దక్కిన లాభానికి ఒక తరం చెల్లించిన వెల అది. పైగా ఇంటర్‌లాక్ వచ్చిన మోడల్‌తోనే నడుము పట్టీ, భుజం పట్టీ కలిసిన మూడు బిగింపుల బెల్టు అమెరికా కార్లలో ముందు సీట్లకు స్థిరపడింది. అది మాత్రం ఎవరి ఆగ్రహానికీ గురికాలేదు. ఎవరినీ శాసించని మెరుగుదల నిలిచింది, శాసించినది కొట్టుకుపోయింది. అతి సర్వత్ర వర్జయేత్ అన్న పెద్దల మాట విధాన నిర్ణేతలకు కూడా వర్తిస్తుంది.

మరి ఆ 38 ఏళ్ళలో బెల్టు వాడకం పెరగలేదా? పెరిగింది, అయితే గంట వల్ల కాదు. 1983లో అమెరికాలో బెల్టు పెట్టుకునేవాళ్ళు నూటికి 14 మంది. 1984లో న్యూయార్క్ రాష్ట్రం పెట్టుకోకపోతే జరిమానా అన్నది. మిగతా రాష్ట్రాల్లో దాదాపు అన్నీ ఒక్కొక్కటిగా అదే దారి పట్టాయి. ఇవాళ ఆ సంఖ్య 90 దాటింది. ప్రపంచంలో ఈ పని మొదట చేసింది ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం, 1970 డిసెంబరులో. స్వీడన్ 1975లో, బ్రిటన్ 1983 జనవరి 31న ముందు సీట్ల వాళ్ళకు బెల్టు తప్పనిసరి చేశాయి. ఈ చట్టాల్లో ఒక పోలిక ఉంది. అవి యంత్రాన్ని మధ్యలోకి లాగకుండా నేరుగా మనిషితో మాట్లాడాయి. చట్టసభలో వాదోపవాదాలు జరిగాయి, పత్రికల్లో వ్యతిరేకత వచ్చింది, ప్రచారం నడిచింది, పోలీసు రోడ్డు మీద నిలబడ్డాడు. ఒప్పుదల ఇలా గొడవ పడి, నెమ్మదిగా తయారయ్యే వస్తువు. దాన్ని ఫ్యాక్టరీలో బిగించి పంపడం కుదరదు.

గంట మూగబోయిన ఆ కాలంలోనే స్విచ్‌కు చడీచప్పుడు లేకుండా మరో ఉద్యోగం దొరికింది. అది ఎయిర్‌బ్యాగ్ దగ్గర. ప్రమాద క్షణంలో ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంత బలంగా తెరుచుకోవాలో తేల్చే కంప్యూటర్‌కు మనిషి బెల్టులో ఉన్నాడా లేదా అన్న కబురు కావాలి. బెల్టు పెట్టుకోకపోతే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదని మన దగ్గర చాలామంది నమ్ముతారు. అమెరికా కార్లలో సాధారణంగా అమరికే వేరు: బెల్టు లేనివాడికి, గట్టి గోడకు గుద్దుకున్నట్టు లెక్కేస్తే గంటకు 16 నుంచి 19 కిలోమీటర్ల వేగానికే బ్యాగు విచ్చుకుంటుంది, బెల్టు ఉన్నవాడికి సుమారు 26 కిలోమీటర్ల దాకా ఆగుతుంది, ఎందుకంటే ఆ లోపు వేగానికి బెల్టే చాలు. బ్యాగుకు మరీ దగ్గరగా ఉన్న పిల్లలూ పొట్టివాళ్ళూ దాని దెబ్బకే చనిపోయిన ఘటనల తర్వాత, 2000లో అమెరికా నిబంధనలు మనిషి పరిమాణాన్ని బట్టి నడుచుకునే ఎయిర్‌బ్యాగులు కావాలన్నాయి. ఇంత బాధ్యత మీద పడ్డాక పాత తరహా లోహపు పలకల స్విచ్ చాలలేదు. బకిల్‌లో దుమ్ము పడుతుంది, కాఫీ ఒలుకుతుంది, చిల్లర నాణెం జారుతుంది. తాకి పనిచేసే ఏ స్విచ్ అయినా అరుగుతుంది. అందుకని చాలా బకిళ్ళలోకి హాల్ సెన్సార్ వచ్చింది. 1879లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రం అది: కరెంటు పారే పలకకు లంబంగా అయస్కాంత క్షేత్రం ఉంటే ఆ పలకలో అడ్డంగా చిన్న వోల్టేజి పుడుతుంది. నాలుక బకిల్‌లోకి దిగగానే లోపలి అయస్కాంత క్షేత్రం మారుతుంది, సెన్సార్ దాన్ని పసిగడుతుంది. దేన్నీ తాకదు కాబట్టి అరగదు. అమెరికాలో ప్రమాద సమాచారం దాచే పరికరం ఉన్న కార్లలో డ్రైవరు బెల్టు స్థితి కూడా నమోదు కావాలన్న నిబంధన ఉంది. గంట కొట్టినంత కాలం ఈసడింపులు పడ్డ స్విచ్, నోరు మూసుకున్నాక ప్రాణాన్ని ప్రభావితం చేసే నిర్ణయంలో భాగస్వామీ, ప్రమాదానికి సాక్షీ అయింది. ఈసారి దాని మీద ఉత్తరాలేవీ వెల్లువెత్తలేదు.

గంట తిరిగి వచ్చిన తీరు కూడా ఈ వాదననే బలపరుస్తుంది. 2000 మోడల్ కార్లతో బెల్ట్‌మైండర్ అనే కొత్త పద్ధతిని తెచ్చింది మరెవరో కాదు, 1971లో శ్వేతసౌధానికి వెళ్ళిన ఫోర్డు కంపెనీయే. ప్రభుత్వం ఆదేశించే గంటకే ఎనిమిది సెకన్ల హద్దు. కంపెనీ తనంతట తాను పెట్టుకుంటే అడ్డు లేదు. ఆ సందులోంచి ఫోర్డు ఆరు సెకన్లు మోగి, ముప్పై సెకన్లు ఆగి, అలా ఐదు నిమిషాల దాకా గుర్తు చేసే గంటను పెట్టింది. ఐఐహెచ్ఎస్ అనే భద్రతా పరిశోధన సంస్థ పరిశీలనలో ఆ గంట లేని ఫోర్డు కార్లలో 71 శాతం, ఉన్నవాటిలో 76 శాతం డ్రైవర్లు బెల్టు పెట్టుకున్నారు. ఐదు శాతమేనా అనిపించవచ్చు. అయితే అప్పటికి పెట్టుకోని 29 మందిలో ఐదుగురు, అంటే ఆరింట ఒక వంతు మారారన్నమాట, అదీ ఎవరి ఇంజనుకూ తాళం వేయకుండా. యూరప్‌లో, యూరో ఎన్‌క్యాప్ సంస్థ కార్లకిచ్చే భద్రతా మార్కుల్లో ఇలాంటి గంటను చేర్చడంతో కంపెనీలు పోటీపడి పెట్టాయి. స్వీడన్ నగరాల్లో చేసిన అధ్యయనంలో పట్టువదలని గంట ఉన్న కార్ల డ్రైవర్లలో దాదాపు 99 శాతం, లేనివాటిలో సుమారు 82 శాతం బెల్టుతో కనిపించారు. 1972 బజర్ ఏమీ సాధించని చోట ఈ గంట ఇంత ఎలా సాధించింది? శబ్దంలో మార్పు ఉన్నమాట నిజమే. కానీ అంతకన్నా పెద్ద మార్పు వినే మనిషిలో వచ్చింది. 2000 నాటి స్వీడన్ డ్రైవరు వెనక పాతికేళ్ళ చట్టమూ, అలవాటూ ఉన్నాయి. అతనికి బెల్టు మీద తగాదా లేదు, మరపు మాత్రమే ఉంది. 2003లో అమెరికా జాతీయ అకాడమీల రవాణా పరిశోధన మండలి ఇచ్చిన నివేదిక కూడా ఇదే విడమర్చింది: బెల్టు పెట్టుకోనివాళ్ళలో ఎక్కువమంది అప్పుడప్పుడు పెట్టుకునేవాళ్ళే, ఏది ఏమైనా పెట్టుకోము అనే మొండివాళ్ళు కొద్దిమంది. గంట పనికొచ్చేది మొదటి జట్టుకు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 138వ నిబంధన డ్రైవరూ, ముందు సీటు ప్రయాణికుడూ, ముఖం ముందుకు పెట్టి వెనక కూర్చునేవాళ్ళూ బెల్టు పెట్టుకోవాలంటుంది. కాగితం మీద అది చాలా దేశాల చట్టాలకు తీసిపోదు. కానీ ఉల్లంఘిస్తే దశాబ్దాల పాటు పడిన జరిమానా వంద రూపాయలు. ముందు సీట్లకు బెల్టు గంట 2019 జులై 1 నుంచి కొత్త కార్లలో తప్పనిసరి అయింది. సరిగ్గా రెండు నెలల తర్వాత, సెప్టెంబరు 1న, మోటారు వాహనాల చట్టం 194బి సెక్షను కింద జరిమానా వెయ్యి రూపాయలైంది. వరస గమనించండి. స్వీడన్‌లో చట్టం వచ్చింది, అలవాటు స్థిరపడింది, పాతికేళ్ళకు గంట వచ్చింది. మన దగ్గర గంటా, గట్టి జరిమానా ఒకే వానాకాలంలో కలిసి దిగాయి, అలవాటు ఇంకా బండెక్కకముందే. పోలీసు కనిపించగానే బెల్టును ఒంటి మీదుగా లాగి చేత్తో పట్టుకోవడం, దాటగానే వదిలేయడం మన రోడ్ల మీద ఎవరికీ కొత్త కాదు. అది పోలీసు కోసం పెట్టుకునే బెల్టు. గంట వచ్చాక అదే బుద్ధి గంట కోసం ఇంకో ఉపాయం వెతికింది. బెల్టును సీటు వెనక నుంచి తిప్పి బకిల్‌లో గుచ్చి, దాని మీద ఆనుకుని కూర్చోవడం ఒకటి. బెల్టే లేని ఉత్త లోహపు నాలుకను, అంటే అలారం ఆపే క్లిప్పును కొనుక్కోవడం ఇంకొకటి.

ఆ క్లిప్పు ఈ చరిత్రలో అన్నిటికన్నా నిజాయితీ గల పత్రం. స్విచ్‌కు ఏం తెలుసో, ఏం తెలియదో అది బయటపెడుతుంది. హాల్ సెన్సార్ ఎంత సూక్ష్మమైనదైనా దానికి తెలిసేది నాలుక దిగిందని మాత్రమే. ఆ నాలుకకు పట్టీ ఉందో లేదో, పట్టీ లోపల మనిషి ఉన్నాడో లేదో దానికి తెలియదు. 1972లో బెల్టుకు పడిన ముడికీ, ఇవాళ్టి క్లిప్పుకూ మధ్య యాభై ఏళ్ళ ఎలక్ట్రానిక్స్ ఉంది గానీ, బుద్ధిలో తేడా వెంట్రుక వాసి కూడా లేదు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీల మీద ఉత్తర్వులిచ్చి ఇలాంటి క్లిప్పులను తీసేయించింది. తొలగిన అమ్మకపు పేజీలు 13,118. కొన్నిటిని సీసా మూత తీసే సాధనమనీ, సిగరెట్ లైటరనీ పేరు మార్చి అమ్ముతున్నట్టు కూడా ఆ సంస్థ గుర్తించింది. నిషేధం సబబే. కానీ సరుకు అన్ని వేల పేజీల్లో దొరికిందంటే గిరాకీ ఉన్నట్టే కదా. డబ్బు పెట్టి మరీ గంట నోరు మూయించినవాడిని మరిచిపోయినవాడనలేం. అతను ఒప్పుకోనివాడు. అతనికి గంటతో చెప్పి లాభం లేదు.

ఒప్పుకోకపోవడానికి చెల్లిస్తున్న వెల మాత్రం చిన్నది కాదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2021లో బెల్టు పెట్టుకోకుండా ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 16,397 మంది. 2022లో 16,715 మంది. ఆ రెండో సంఖ్యలో డ్రైవర్లు 8,384, ప్రయాణికులు 8,331. అంటే ఇంచుమించు సగం మంది చక్రం పట్టుకోనివాళ్ళే. తెలుగువాళ్ళకు ఈ సంగతి చెప్పడానికి అంకెలు అక్కర్లేదు. 2014 ఏప్రిల్‌లో ఆళ్ళగడ్డ దగ్గర రాజకీయ నాయకురాలు శోభా నాగిరెడ్డి, 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర నటుడు నందమూరి హరికృష్ణ ప్రమాదాల్లో పోయినప్పుడు, బెల్టు లేకపోవడంతో వాహనంలోంచి బయటికి విసిరివేయబడ్డారనే వార్తలే వచ్చాయి. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించినప్పుడు, ఆయన వెనక సీట్లో బెల్టు లేకుండా ఉన్నారని పోలీసులు చెప్పారు. ప్రతిసారీ కొన్నాళ్ళు చర్చ నడిచింది, పోలీసులు కొన్నాళ్ళు బండ్లు ఆపారు, మళ్ళీ మామూలే. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయన్న సామెత ఇక్కడ కొంచెం మార్చాలి. మన దగ్గర దొంగలు పడ్డ రోజే మొరుగుతాయి, ఆరు వారాలకు నిద్రపోతాయి.

ఇంకో రెండు అభ్యంతరాలకు జవాబు చెప్పాలి. నా ప్రాణం నా ఇష్టం, మధ్యలో ఈ స్విచ్ ఎవరనేది మొదటిది. 1974లో అమెరికన్లు అన్నదీ ఇదే, తాళం విషయంలో ఆ మాటకు బలముంది. కానీ గంట ఎవరి చేతులూ కట్టేయదు, దాన్ని విని కూడా ఊరుకునే స్వేచ్ఛ మిగిలే ఉంటుంది. పైగా కారులో ప్రాణం ఒక్కరిది కాదు: వెనక సీట్లో బెల్టు లేని మనిషి గుద్దుకున్న క్షణంలో ముందు సీటు మీద బరువై పడతాడు. రెండోది ఆర్థికవేత్త శామ్ పెల్ట్జ్‌మన్ 1975లో లేవనెత్తినది: భద్రత పెరిగిందన్న ధీమాతో మనిషి మరింత దూకుడుగా నడుపుతాడు, లాభం కాస్తా పాదచారుల నెత్తిన నష్టమై తేలుతుంది. ఆలోచించదగ్గ వాదనే, కానీ దాని బలమంతా బెల్టు వల్ల ధైర్యం పెరుగుతుందన్న ఊహ మీద నిలబడింది. బెల్టు పెట్టుకోని మన డ్రైవర్లు అందుకు ప్రతిఫలంగా నెమ్మదిగా నడుపుతున్నారని ఎవరైనా చెప్పగలరా? 

సెన్సార్లు ఇంత ఎదిగాయి కదా, సంచికీ మనిషికీ తేడా తెలుసుకోగలిగిన ఈ రోజుల్లో మళ్ళీ తాళం ఎందుకు వేయకూడదని అడిగేవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో 2012 సవరణ గంట మీది ఆంక్షను తీసింది గానీ, ఇంటర్‌లాక్‌ను తప్పనిసరి చేయకూడదన్న నిషేధాన్ని అలాగే ఉంచింది. ఆ జ్ఞాపకం అంత లోతైనది. ఈ మధ్య జనరల్ మోటార్స్ తెచ్చిన పద్ధతిలో ఆ పాఠం చక్కగా కనిపిస్తుంది. కుర్ర డ్రైవర్ల కోసం తల్లిదండ్రులు ఎంచుకుంటే, బెల్టు పెట్టకపోతే 20 సెకన్ల వరకు కారు గేరులోకి రాదు. ఆ తర్వాత వదిలేస్తుంది. తాళమే, కానీ తనకు తానే హద్దు గీసుకున్న తాళం; అదీ ఇంట్లో పెద్దల ఒప్పుదలతో. 1974 నాటి ఎనిమిది సెకన్లకూ, ఈ ఇరవై సెకన్లకూ మధ్య ఉన్నది పన్నెండు సెకన్లు కాదు, ఐదు దశాబ్దాల ఒప్పుదల.

మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి కొత్త కార్ల వెనక సీట్లకు కూడా బెల్టు గంట తప్పనిసరి అయింది. ఇది మంచి అడుగు, కానీ ఈ చరిత్ర చూశాక దాని నుంచి ఎక్కువ ఆశించకూడదు. ముందు సీటు గంట ఇంకా క్లిప్పులతో యుద్ధం చేస్తుండగానే వెనక సీటు గంట రంగంలోకి దిగింది. జరిమానా ఏడాది పొడవునా ఒకేలా పడితేనే, క్లిప్పు కొనడం సిగ్గుపడాల్సిన పని అయితేనే, మరిచిపోయినవాడికి గుర్తు చేసే తన అసలు పనిని స్విచ్ చేసుకోగలుగుతుంది. అప్పటిదాకా దాన్ని నిందించడం అనవసరం. అయితే మనం వేయగల మొదటి అడుగుకు పోలీసూ, చట్టసభా అక్కర్లేదు. మన కార్లలో వెనక బకిళ్ళు చాలావాటికి కొత్త సీటు కవర్ల కిందో, రెండు సీట్ల సందులోనో కూరుకుపోయి ఉంటాయి. ఈ ఆదివారం కవరు ఎత్తి వాటిని పైకి తీసి పెట్టండి. పైన కనిపించని బకిల్ లోపల ఎంత తెలివైన స్విచ్ ఉన్నా, దానికి దొరికే కబురు ఏమీ ఉండదు.